ఈగ మేత తెలియని పోషణ ప్రయోగం

పోషణ పరిశోధనలలో వాడే డ్రోసోఫిలా ఈగకు (మామిడిని ఆశించే పండు ఈగ వేరు) మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్ట్, అగార్ కలిపి వండిన మేత పెట్టడం పరిపాటి. చిక్కంతా ఈస్ట్‌తోనే. మాంసకృత్తులతో పాటు విటమిన్లు, స్టెరాల్ కూడా ఈగకు ప్రధానంగా దాని నుంచే అందుతాయి. ఈస్ట్ తగ్గించినపుడు ఆయుష్షు పెరిగితే, ఆ ఫలితం ఏ పోషకానిదో ఆ మేత ఒక్కదానితో తేల్చలేము. ఈస్ట్ రకం మారినా, బ్యాచ్ మారినా మేత మారినట్లే. అయినా ‘ప్రామాణిక మేత’ అన్న రెండు మాటలతో సరిపెట్టే వ్యాసాలు నేటికీ కనిపిస్తున్నాయి. ఎవరి ప్రమాణమది?

ప్రతి పోషకాన్నీ విడిగా తూచి కలిపే మేతతో లార్వాల అవసరాలను జేమ్స్ సాంగ్ 1956లోనే లెక్కగట్టారు. ప్రౌఢ ఈగల ఆయుష్షు అధ్యయనానికీ పనికివచ్చే అటువంటి మేతను 2014లో పైపర్ బృందం ప్రచురించింది. దానిపై లార్వాల ఎదుగుదల మందగిస్తుంది, గుడ్లు తగ్గుతాయి, ఖర్చూ ఎక్కువే. కనుక ప్రయోగశాలలన్నిటిపై దానిని రుద్దడం సబబు కాదు. కాని ఒక్క అమైనో ఆమ్లం ప్రభావాన్ని తేల్చదలచినవారు కేవలం ఈస్ట్ మేతపై ఆధారపడటం సమర్థనీయం కాదు. మిగిలినవారు ఈస్ట్ రకాన్ని, లీటరుకు ప్రతి దినుసు ఎన్ని గ్రాములో, నిల్వ మందు మోతాదు ఎంతో తప్పక ప్రచురించాలి. విద్యార్థి సిద్ధాంత గ్రంథంలో ఈ పట్టికకు అర పేజీ చాలు.