యాసిడ్ కొనేదెవరు, కాలేదెవరు?

మచిలీపట్నం చిలకలపూడి అనగానే రోల్డుగోల్డు గాజులు, గొలుసులు గుర్తొస్తాయి. ఆ తళుకు వెనక యాసిడ్ ఉంది. పూత పట్టాలంటే రాగి, ఇత్తడి మీది మకిలిని ముందు యాసిడ్‌లో ముంచి వదిలించాలి. బంగారు పూత ద్రావణంలో సాధారణంగా సయనైడ్ ఉంటుంది. అందులో యాసిడ్ ఒలికితే ప్రాణం తీసే వాయువు పుడుతుంది. ఇలాంటి పని ఇంట్లో పెట్టుకుంటే వంటిల్లెంత దూరం, ఉయ్యాలెంత దూరం?

గుడివాడలోనైనా దివిసీమలోనైనా బిందెలు, మరుగుదొడ్లు యాసిడ్‌తో తోమేది ఆడవాళ్లే. అది బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ వస్తుంది, ఊపిరాడదు. ఇత్తడికి చింతపండు చాలు. కానీ నాలుగిళ్లలో పనిచేసే మనిషికి ఆ తీరిక ఎవరిస్తున్నారు?

లక్ష్మి కేసులో 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాలకు ఆంక్షలు పెట్టింది. కొనేవారి చిరునామా, ఎందుకు కొంటున్నారో రాసుకోవాలంది. అది మన గెలుపే. నాకు మింగుడుపడనిది ఒకటుంది: ఆ రిజిస్టరులో కొన్నవాడి పేరే ఉంటుంది, చెయ్యి కాలే ఆమె పేరు ఎక్కడా ఉండదు. ఇల్లు ఫ్యాక్టరీ కాదు గనుక తనిఖీకి ఎవరూ రారు. ఇళ్ల దగ్గర పనిచేసేవాళ్లకూ భద్రత కల్పించాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక 1996లోనే వచ్చింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

మిత్రులారా, ఈసారి సంఘం మీటింగులో అడగండి: పని ఎవరిస్తున్నారు? చేతి తొడుగులు, కళ్లద్దాలు ఎవరు కొంటున్నారు? కాలితే ఆస్పత్రి ఖర్చెవరిది? జవాబులు రాసి పంపండి. యాసిడ్ పడినచోట పసుపు, వెన్న పూయొద్దనీ, వెంటనే కనీసం 20 నిమిషాలు నీళ్లు ధారగా పొయ్యాలనీ అక్కడే చెప్పండి.