బాకీ మోసిన సమాధానము



పులివెందులలో బోరు ఎండి చీనీచెట్లు వాడినను, జమ్మలమడుగులో శనగపంట దెబ్బతిన్నను, ప్రొద్దుటూరు అంగట్లో నగలు అప్పుకు తెచ్చి పెండ్లి చేసినను, ప్రోనోటు మీద వడ్డీ ఆగదు. బాకీ తీరనప్పుడు ముందుగా తెగిపోవునది మాట. ఒకే మందిరములో ప్రభుబల్లకు వచ్చు ఇద్దరు ఒకరి ముఖము ఒకరు చూడరు.

అట్టివారికి సమాధానపడుమని చెప్పుట సులభము. పౌలు అంతటితో ఆగలేదు. ఫిలేమోను పత్రిక చదువుడి, 25 వచనములే. యజమానుని విడిచిపోయిన ఒనేసిమును తిరిగి పంపుచు, అతనివలన కలిగిన నష్టమేదైన ఉన్నయెడల తానే తీర్చెదనని పౌలు 18, 19 వచనములలో స్వహస్తముతో వ్రాసియిచ్చెను. అప్పుడాయన చెరసాలలో ఉండెను.

అయితే శక్తికి మించి పూటపడవద్దని సామెతలు 22వ అధ్యాయము హెచ్చరించుచున్నది. కాబట్టి మేము చెప్పునదేమనగా, మీ పిల్లల కూడు పణముపెట్టి సంతకము చేయకుడి. మోయగలిగినంతే మోయుడి. భార్యాభర్తలిద్దరు ఒప్పుకొనుడి. పెద్దల యెదుట సొమ్ము కట్టి, నోటు వెనుక చెల్లు వేయించుడి.

బాకీదారుడు ఒనేసిమువలె తానే ఎదుటికి రావలెను. అతడు దాగియుంటే అప్పు తీరవచ్చును గాని సహవాసము కలువదు. అప్పిచ్చినవాడు కూడ అతనిని మరల సహోదరుడని పిలువవలెను.

తీర్చలేని మన బాకీని ప్రభువు సిలువపై మోసెను. సహోదరుని కొరకు మనము ఒక్క కంతు కట్టలేమా?

సమాధానకర్తయగు దేవుడు మీ గృహములకు తోడైయుండును గాక. ఆమేన్.