పగుళ్లకు పగ్గాలు

తూటాను ఆపే పలకకు కాఠిన్యం ఒక్కటే చాలదు. బోరాన్ కార్బైడ్ బరువు ఉక్కులో మూడో వంతే, కాఠిన్యంలో వజ్రానికి దగ్గర. కానీ పింగాణీలా పెళుసు. దాని పొడిని 2,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో పలకగా బిగించేటప్పుడు రేణువులు ఒకదానిలో ఒకటి కలిసి లావెక్కుతాయి. దాంతో బలం తగ్గుతుంది.

అందుకే ముంబైలోని బార్క్ రూపొందించగా హైదరాబాద్‌లోని మిధాని తయారీ చేపట్టిన 'భాభా కవచ్' పలకల్లో కార్బన్ నానోట్యూబులు కలిపారు. ఇలాంటి పోగులు రేణువులను పెరగనివ్వవు, పగుళ్లను దారి మళ్లిస్తాయి. అయితే అవి ఒకచోట ఉండకడితే అక్కడ ఖాళీలు మిగులుతాయి. పగులు మొదలయ్యేది వాటిలోనే. ఎంత కలిపారన్న దానికన్నా ఎంత సమంగా కలిపారన్నదే ముఖ్యం. కవచం తొడుక్కున్న జవాను ప్రాణం దానిమీదే ఆధారపడుతుంది.