పదహారు పేర్లలో ఏడవది

కర్బన రసాయన శాస్త్రంలో సంశ్లేషణ అంటే తేలిగ్గా దొరికే చిన్న అణువులను ఒక క్రమంలో కలిపి, కావలసిన పెద్ద అణువును తయారుచేయడం. ప్రకృతిలో దొరికే పదార్థాన్ని ప్రయోగశాలలో మళ్లీ తయారుచేయగలిగితే రెండు లాభాలు. దాని నిర్మాణం గురించి వేసిన అంచనా సరైనదేనని రుజువవుతుంది, మందు కావలసినంత దొరుకుతుంది. అదే అణువులో ఏదో ఒక మూల కాస్త మార్చి తయారుచేస్తే, ప్రకృతిలో ఎన్నడూ లేని మందు చేతికి రావచ్చు. ఇరవయ్యో శతాబ్దపు మధ్యలో ఈ మూడూ ఒకే చోట, కొద్ది ఏళ్ల తేడాలో జరిగాయి. ఆ చోటు న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లోని లెడర్లీ ప్రయోగశాల. దానికి పరిశోధన డైరెక్టరు భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయనను కర్బన రసాయనికుడు అనడం పూర్తిగా సరికాదు. చదివింది వైద్యం, డాక్టరేటు పొందింది జీవరసాయన శాస్త్రంలో. అణువులు తయారుచేసిన చేతులు వేరేవాళ్లవి. ఏ అణువు తయారుచేయాలి, ఎందుకు, తయారయ్యాక దేని మీద పరీక్షించాలి అని తేల్చే పని మాత్రం ఆయనది. సంశ్లేషణ పరిశోధనలో ఇది చిన్న పనేమీ కాదు. ఆయన గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం దక్కని నోబెల్ చుట్టూ తిరిగి, ఈ పని జోలికి వెళ్లకుండానే ముగుస్తాయి.

బాల్యం కథ చాలామందికి తెలిసిందే. రాజమహేంద్రవరంలో బడి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలిన దుడుకుతనం, మద్రాసు హిందూ హైస్కూలులో మూడో ప్రయత్నానికి గట్టెక్కిన మెట్రిక్యులేషన్. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, మద్రాసు వైద్య కళాశాల. ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదిలోకి వెళ్లడం శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు గిట్టలేదు. చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాక, అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. ఈ మధ్యలోనే స్ప్రూ అనే ఉష్ణమండలపు విరేచనాల జబ్బు ఇద్దరు అన్నదమ్ములను బలితీసుకుంది. తనకూ సోకితే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బయటపడ్డాడు. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బు సాయానికి ముందుకు రావడంతో అమెరికాలోని బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొంది, సైరస్ ఫిస్కే నడిపే జీవరసాయన ప్రయోగశాలలో చేరాడు.

అక్కడ చేసిన మొదటి పెద్ద పని కొలత. రక్తంలో, మూత్రంలో, కండరాల రసంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కే, సుబ్బారావు ప్రకటించారు. నమూనాకు ఆమ్లంలో కలిపిన మాలిబ్డేటు చేర్చి, ఎమినోనాఫ్తాల్ సల్ఫోనికామ్లంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరు జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ప్రాక్టికల్ రికార్డులో తగిలే ఉంటుంది. ఆ సుబ్బారావు భీమవరం వాడని తెలిసినవాళ్లు వారిలో ఎందరో చెప్పడం కష్టం.

ఈ పద్ధతి ఖచ్చితమైనది కావడం వల్లే ఒక తేడా బయటపడింది. కండరాల రసంలో రంగు వెంటనే పూర్తిగా రావడం లేదు, నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతోంది. పద్ధతిలోనే లోపం ఉందని వదిలేయడానికి ఇది చక్కని సాకు. వాళ్లు వదల్లేదు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోయి ఫాస్ఫేటును వదిలే పదార్థం ఏదో కండరంలో ఉండాలని ఊహించి, దాన్ని వేరుచేశారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగుల్‌టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టారు. 1929లో ఎ.టి.పి. వచ్చింది. దాన్నీ అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నాడు. ఈ సంగతి దాచి, ఎ.టి.పి.ని సుబ్బారావు ఒక్కడే కనుగొన్నాడని రాస్తే ఆయన గౌరవం పెరగదు. ఇద్దరు విడివిడిగా చేరిన ఫలితానికి శాస్త్రంలో బలం ఎక్కువ.

1930లో పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. పదేళ్ల పాటు ఆయన దృష్టి కాలేయం మీదికి మళ్లింది. కొన్ని రకాల తీవ్రమైన రక్తహీనత కాలేయపు సారంతో నయమవుతుందని అప్పటికే తెలుసు. ఆ సారంలోని అసలు మందు ఏదో తెలియదు. దాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కనూ పరీక్షించి, పనిచేసిన దాన్ని మళ్లీ విడదీస్తూ పోవాలి. టన్నులతో మొదలై మిల్లీగ్రాములతో తేలే పని ఇది. 1940లో లెడర్లీలో పూర్తికాలం చేరేనాటికి ఆయనకు ఈ విడదీత విద్య బాగా వంటబట్టింది. ఇక లోటల్లా సంశ్లేషణ తెలిసిన రసాయనికులే. లెడర్లీ మాతృసంస్థ అమెరికన్ సయనమిడ్ వద్ద వాళ్లకు కొదవలేదు. న్యూజెర్సీలోని బౌండ్ బ్రూక్‌లో ఆ సంస్థకు కాల్కో అనే రంగుల విభాగం ఉండేది. అద్దకపు రంగులు తయారుచేసే రసాయనికులు విటమిన్ తయారీకి కలిసొచ్చారు.

ఈ వెతుకులాటలో చివరికి దొరికిన విటమిన్ జాడ అప్పటికే కొన్నిచోట్ల కనిపించింది. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని రాసింది. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర నుంచి కొద్దిపాటి పదార్థం రాబట్టి, దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లెడర్లీలో స్టాక్‌స్టాడ్ దాన్ని కాలేయం నుంచి స్ఫటికాలుగా వేరుచేశాడు. స్ఫటికం దొరికాక దాన్ని విరగ్గొట్టి ఏయే ముక్కలున్నాయో చూశారు. తేలినవి మూడు: టెరిడీన్ అనే జంట వలయం, పారా ఎమినో బెంజోయికామ్లం, గ్లుటామికామ్లం.

ఇక తిరిగి కట్టాలి. వాళ్లు చేరిన దారి రసాయనికుల కంటికి ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ట్రైఎమినో హైడ్రాక్సీ పిరిమిడిన్ ఒకటి, డైబ్రోమో ప్రొపియనాల్డిహైడ్ ఒకటి, పారా ఎమినో బెంజోయిల్ గ్లుటామికామ్లం ఒకటి. మూడింటినీ నీళ్లలో, కొద్దిపాటి ఆమ్ల స్థితిలో కలిపితే, నడుమనున్న మూడు కర్బనాల ముక్క అటు పిరిమిడిన్‌తో కలిసి రెండో వలయాన్ని మూసి, ఇటు బెంజోయిల్ భాగాన్ని పట్టుకుంటుంది. దిగుబడి తక్కువ, వెంట వచ్చే చెత్త ఎక్కువ, శుద్ధి చేయడానికి తల ప్రాణం తోకకొస్తుంది. అయితేనేం, టన్నులకొద్దీ కాలేయం అవసరం తీరిపోయింది. సంశ్లేషణ వార్త 1945 ఆగస్టులో, నిర్మాణం వివరాలు 1946లో సైన్స్ పత్రికలో వచ్చాయి. వ్యాసం మీద పదహారు మంది పేర్లు ఉన్నాయి. లెడర్లీ వాళ్లు మొదట, కాల్కో వాళ్లు తర్వాత, రెండు జట్లూ అక్షర క్రమంలో. ఆంజియర్, బూత్, హచింగ్స్, మోవాట్, సెంబ్, స్టాక్‌స్టాడ్, ఆ తర్వాత సుబ్బారావు. డైరెక్టరు పేరు ముందో చివరో ప్రత్యేకంగా కూర్చోవడం ఆనవాయితీ అయిన చోట ఇది ఏడవ పేరు.

కృత్రిమ ఫోలిక్ ఆమ్లాన్ని మొదట రోగుల మీద ప్రయత్నించిన వైద్యుల్లో టామ్ స్పైస్ ముఖ్యుడు. అది తగ్గించిన జబ్బుల్లో స్ప్రూ ఒకటి. సుబ్బారావు అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు అది. అయితే మొదట వెతికిన అసలు వస్తువు, పెర్నిషియస్ ఎనీమియా అనే తీవ్ర రక్తహీనతకు మందు, ఇది కాదు. అది బి-12. దాన్ని 1948లో అమెరికాలో మెర్క్ సంస్థ, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థ వేరుచేశాయి. వెతికింది ఒకటి, దొరికింది మరొకటి. పరిశోధనలో ఇది మామూలే.

అసలు మలుపు ఆ తర్వాతిది. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి పదార్థాలను రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు వేగం పెరిగినట్టు కనిపించింది. విటమిన్ క్యాన్సర్ కణాలకు మేత అవుతుంటే, విటమిన్‌ను అడ్డుకునే పదార్థం వాటిని మాడ్చాలి. అలాంటి పదార్థాలు సుబ్బారావు బృందం వద్ద సిద్ధంగా ఉన్నాయి. కాల్కోలో డోరిస్ సీగర్, ఆమె సహచరులు 1947లో ఎమినాప్టెరిన్ తయారుచేశారు. దారి పాతదే. పిరిమిడిన్‌లో హైడ్రాక్సీ గుంపు ఉన్న చోట ఎమినో గుంపు ఉన్న ముడిపదార్థం తీసుకోవడమే తేడా. ఆమ్లజని ఉండాల్సిన చోట నత్రజని కూర్చుంది, విటమిన్ కాస్తా విటమిన్‌కు శత్రువైంది. కణంలోని ఎంజైము దీన్ని అసలుదనుకుని పట్టుకుని ఇక వదలదు. అసలు విటమిన్‌కు పని జరగదు, కణం విభజన ఆగిపోతుంది.

1948 జూన్‌లో ఫార్బర్ బృందం ఫలితాలు ప్రకటించింది. పదహారు మంది పిల్లల్లో పది మందికి మేలు కనిపించింది. ఆ ఉపశమనం తాత్కాలికమేనని వ్యాసం శీర్షికలోనే చెప్పారు. పిల్లల్లో వచ్చే తీవ్ర రక్తక్యాన్సర్ రసాయనాలకు లొంగుతుందని తేలడం అదే మొదలు. ఎమినాప్టెరిన్ అణువులో ఒక మిథైల్ గుంపు చేర్చి సీగర్ బృందం తయారుచేసిన మరో మందు ఇప్పుడు మెథోట్రెక్సేట్ పేరుతో దొరుకుతుంది. 1956లో కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను ఆ మందు ఒక్కటే నయం చేసింది. తక్కువ మోతాదులో వారానికోసారి చొప్పున కీళ్లవాతానికి వాడతారు. వెంట ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. శత్రువు, మిత్రుడు ఒకే చీటీలో ఉంటారన్నమాట.

ఇదే కాలంలో మరో జట్టు వేరే అణువు మీద పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా బారినపడ్డారు. అప్పటికి ఉన్న మందులు ఆంటిమొనీ, ఆర్సెనిక్ సమ్మేళనాలు. పురుగుతో పాటు మనిషినీ బాధించేవి. లెడర్లీలో రెడ్జినాల్డ్ హెవిట్, శామ్యూల్ కుష్నర్ తదితరులు పైపరజీన్ వలయమున్న పదార్థాలను వరుసగా తయారుచేసి, ఫైలేరియా సోకిన పత్తి ఎలుకల మీద పరీక్షించారు. వలయంలో ఒక నత్రజనికి మిథైల్ గుంపు, ఎదుటి నత్రజనికి డైఇథైల్ కార్బమైల్ గుంపు ఉన్నది గెలిచింది. అదే డైఇథైల్ కార్బమజీన్. 1947లో ప్రకటించారు. గోదావరి జిల్లాల్లో పాతతరం వాళ్లకు అది హెట్రజాన్ మాత్ర.

బోదకాలు గోదావరి డెల్టాకు కొత్త కాదు. మురుగు నిలిచే చోట పెరిగే క్యూలెక్స్ దోమ ఉచ్చరెరియా బాంక్రాఫ్టై పురుగును ఒకరి నుంచి మరొకరికి మోస్తుంది. పురుగు పిల్లలు అర్ధరాత్రి వేళకే రక్తంలో తిరుగుతాయి కాబట్టి ఫైలేరియా సిబ్బంది వీధుల్లోకి రాత్రిపూట వచ్చి వేలు గుచ్చి రక్తం తీసేవారు. ఈ జబ్బు మీద శిక్షణ, పరిశోధన కోసం కేంద్ర ప్రభుత్వం దేశంలో నెలకొల్పిన మూడు ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి రాజమహేంద్రవరంలో ఉంది. మిగతా రెండు కాలికట్, వారణాసి. 2004 నుంచి ఏడాదికోసారి ఊరందరికీ పంచిన మందుల్లో ప్రధానమైనది ఈ మాత్రే. పెద్దవాళ్లకు వంద మిల్లీగ్రాములవి మూడు. రక్తంలోని పురుగు పిల్లలను అది చంపుతుంది, వాచిన కాలును మాత్రం పాతస్థితికి తేలేదు. అందుకే జబ్బు లేదనుకున్నవాళ్లూ మింగాలి. చాలామంది తీసుకుని గూట్లో పెట్టేస్తారు.

లెడర్లీ నుంచి వచ్చిన ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు ఖాతాలో రాసేస్తుంటారు. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆ మందును మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పట్టినవాడు బెంజమిన్ డగ్గర్ అనే విశ్రాంత వృక్షశాస్త్ర ఆచార్యుడు. పరిశోధన సుబ్బారావు అజమాయిషీలో జరిగింది, అంతవరకే. ఆ వార్త లోకానికి తెలిసిన 1948లోనే, ఆగస్టులో, ఆయన నిద్రలో చనిపోయాడు. వయసు 53.

భారత తపాలా శాఖ 1995లో శతజయంతికి బిళ్ల విడుదల చేసింది. భీమవరంలోనూ రాజమహేంద్రవరంలోనూ కర్బన రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చెప్పే కళాశాలలు ఉన్నాయి. వాటి విద్యార్థులు హైదరాబాదు, విశాఖపట్నం మందుల కర్మాగారాల్లో ఉద్యోగాలకు వెళుతున్నారు. ఫోలిక్ ఆమ్లం నుంచి మెథోట్రెక్సేట్ దాకా నడిచిన ఈ సంశ్లేషణ దారిని పాఠ్యప్రణాళికలో ఒక యూనిట్‌గా పెట్టాలి. అందులో సుబ్బారావు పేరుతో పాటు డోరిస్ సీగర్ పేరు, కుష్నర్ పేరు కూడా ఉండాలి.