రెండు చేబ్రోళ్లు, ఒక ఎఫ్రాయిము

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే రైలు దారిలో కైకరం దాటాక చేబ్రోలు స్టేషన్ వస్తుంది. కృష్ణ అవతల గుంటూరు జిల్లాలో మరో చేబ్రోలు ఉంది. రెండు పేర్ల చివరా ఉన్నది ఊరని అర్థమిచ్చే ‘ప్రోలు’ మాటే. అంతమాత్రాన ఇక్కడివాళ్లు అక్కడివాళ్ల సంతతి అని ఎవరూ అనరు.

ఆ రెండో చేబ్రోలు పక్కనే ఉంది కొత్తరెడ్డిపాలెం. అక్కడ కొన్ని పదుల కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రపు ఇశ్రాయేలీయులమని చెబుతాయి. మాదిగ మూలాలున్న ఈ కుటుంబాలు ఒకప్పుడు బాప్టిస్టు సంఘంలో ఉండేవి. 1980ల చివర షమూయేలు, సాదోకు యాకోబి సోదరుల చొరవతో శనివారపు విశ్రాంతి దినం, యూదు పండుగలు పాటించడం మొదలుపెట్టాయి. తమ మూలాలకు వాళ్లు చూపే ఆధారాల్లో తెలుగు, హీబ్రూ మాటల పోలిక ఒకటి.

మాటలు సముద్రాలు దాటడం అబద్ధం కాదు. సొలొమోను ఓడలు తెచ్చిన వాటిలో ‘తుక్కియీం’ ఉన్నాయని బైబిల్లోని రాజుల గ్రంథం చెబుతుంది. నెమళ్లని అనువదించే ఈ మాట తమిళ ‘తోగై’ నుంచి వచ్చి ఉండొచ్చని 19వ శతాబ్దంలోనే కాల్డ్‌వెల్ వంటి పండితులు భావించారు. మన ‘తోక’ దానికి చుట్టమే. అయితే ఆ మాట ఓడెక్కింది సరుకుతో పాటు. దాన్ని పట్టుకొని వంశవృక్షం గీయలేం.

వంశం లెక్క కూడా అంత తిన్ననిది కాదు. సంఖ్యాకాండంలో జనాన్ని లెక్కించింది ‘బేత్ ఆవోత్’ ప్రకారం, అంటే తండ్రుల ఇళ్ల వారీగా. మన ఇంటిపేరు లాంటిదే. గోత్రానికి హీబ్రూ మాట ‘షేవెట్’, అసలర్థం చేతికర్ర. మన గోత్రం మొదట ఆవుల కొట్టం. మోయాబు స్త్రీ రూతు మునిమనవడు దావీదు రాజయ్యాడంటే అప్పటి లెక్క తండ్రిదే. తర్వాతి రబ్బీలు తల్లిని చూశారు. 1970లో సవరించిన ఇజ్రాయెల్ చట్టం తాతల్లో, అమ్మమ్మ నానమ్మల్లో ఒక్కరు యూదులైనా వలసకు తలుపు తీస్తుంది. మనష్షే గోత్రమని చెప్పుకొనే మణిపూర్, మిజోరంల బ్నే మెనాషే జనాన్ని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. అయినా వాళ్లకు మతస్వీకార తంతు తప్పలేదు.

ఇంతకీ ఎఫ్రాయిము ఎవరు? ఐగుప్తు యాజకుడి కూతురు ఆసెనతు కొడుకు. తల్లి లెక్కన పరాయివాడే. తాత యాకోబు అతణ్ణీ అన్న మనష్షేనూ తన కొడుకులుగా చేసుకొన్నాడు. చేతులు అడ్డంగా మార్చి చిన్నవాడి తలమీదే కుడిచేయి పెట్టాడు. ఆ గోత్రం పుట్టుకలో రక్తమెంతో, అక్కున చేర్చుకోవడమూ అంతే.

మన న్యాయస్థానమూ దాదాపు ఇదే చోటికి వచ్చింది. గుజరాత్‌కు చెందిన కేసులో, కులాంతర వివాహంలో పుట్టిన బిడ్డకు తండ్రి కులమే అన్నది తుదిమాట కాదనీ, ఏ మనుషుల మధ్య పెరిగాడో, ఏం అనుభవించాడో చూడాలనీ 2012లో సుప్రీంకోర్టు చెప్పింది.

కొత్తరెడ్డిపాలెం విశ్వాసాన్ని తూచే పని మనది కాదు. తూచుకోవాల్సింది మనల్నే. ఏలూరులో అద్దె ఇల్లు అడిగినవాణ్ణీ, కొల్లేరు లంకకు కొత్తగా వచ్చినవాణ్ణీ ముందు అడిగేది ఇంటిపేరే. అది కుశలప్రశ్న కాదని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. వంశం చెబితే తప్ప మర్యాద ఇవ్వని ఊళ్లో, మర్యాద దక్కనివాడు వంశాన్ని వెతుక్కుంటే అతణ్ణి రుజువులడిగే హక్కు మనకెక్కడిది?