వంటయింటి ముచ్చటలు: పప్పుండల పులుసు



శ్రావణ భాద్రపదములయందు ముసురు పట్టి, మూడునాళ్ళు సూర్యదర్శనము లేక, దండెముపై బట్టలు ఆరక, పిల్లలు వాకిట ఆడుకొనుటకు వీలులేక యింటనే చేరి యల్లరి సేయుచుండగా, నేడేమి వండుదమను విచారము ఏ గృహిణికైనను కలుగకమానదు. వేపుడు నాలుకకు హితమేగాని యొంటికి వెచ్చదన మొసగదు. పప్పన్న మన్ననో, నిన్నయు నదియే. అట్టి దినమున పొగలు గ్రక్కు నన్నముపై రెండు గరిటెల ముక్కల పులుసు పోసి, అందు నానిన పప్పుండ నొకదానిని చిదిపి కలిపి, నేతిచుక్క వేసి పెట్టినచో, అలిగి కూర్చున్న పిల్లవాడును మారుమాట లేక తినును. ఈ మాసమున మే మా పులుసునుగూర్చియే ముచ్చటింపనెంచితిమి.

మా తండ్రిగారియొద్ద అమరము వల్లించు దినములలో సూపకారు డనగా వంటవాడని నేర్చుకొంటిమి. సూప మనగా పప్పుతో వండినది. పప్పుకట్టునకు ఆయుర్వేద గ్రంథములయందు యూషమని పేరు. జ్వరము విడిచి యాకలి పుట్టినవారికి దానిని పథ్యముగా విధించిరి. హోటళ్ళలో గాజుగిన్నెలయందు సూపను పేర నేడు వడ్డించు పదార్థము పేరుకు క్రొత్తదేగాని తీరునకు మనకు క్రొత్తది కాదు. పిండియుండలను ద్రవములో నానవేసి తినుటయు ప్రాచీనమే. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమున, అనగా 12వ శతాబ్దమున, వడలను పాలలో నానవేయు విధము కలదు. నేడు అరవదేశమున పప్పుండల కుళంబును, ఘూర్జరదేశమున మెంతికూర ముఠియాలు వేసిన ఊంధియును ఈ వంశములోనివే. మన గోదావరి, కృష్ణా మండలములలో పెండ్లి విందులకు వండు దప్పళమున కుండలు చేర్చినచో నదియే మా పప్పుండల పులుసు.

ఇచ్చట నొక చిన్న సంగతి. దప్పళమును మనము సనాతనమైనదని యెంచుచుందుము. కాని యందలి యెఱ్ఱగుమ్మడి, చిలగడదుంప, మిరపకాయ యీ మూడును అమెరికా ఖండమునుండి వచ్చినవి. 1498లో వాస్కోడిగామా కళ్ళికోట చేరిన తరువాత పోర్చుగీసువారి యోడల వెంట మన దేశమున వ్యాపించినవి. అంతకుముందు కారమనిన మిరియమే; ఆ మిరియము పేరే మిరపకాయకు సంక్రమించినది. వంకాయ, ఆనపకాయ, ములగకాడ పాతకాపులు. కొత్తవారిని పాతవారిని ఒక్క గిన్నెలో పొత్తుకూర్చి, ఎవరి రుచి వారికి నిలిపి, అందరికిని ఒక్క పులుసు పట్టించుట మన పూర్వపు టిల్లాండ్ర నేర్పు.

కావలసిన వస్తువులు

ఆరుగురు భుజించుటకు శనగపప్పు 150 గ్రాములు, కందిపప్పు 50 గ్రాములు, ఎండుమిరపకాయలు 4, అల్లము చిన్నముక్క, జీలకఱ్ఱ చెంచాడు, ఇంగువ, కరివేపాకు, గుప్పెడు తోటకూర గాని మెంతికూర గాని, బియ్యపుపిండి చెంచాడు. ఇవి యుండలకు. పులుసునకు ఎఱ్ఱగుమ్మడి, ఆనపకాయ పావుకిలో చొప్పున, ములగకాడలు 2, చిలగడదుంప 1, వంకాయలు 3, బెండకాయలు 6, చిన్న ఉల్లిపాయలు పది, పెద్ద నిమ్మకాయంత చింతపండు (రమారమి 40 గ్రాములు), ఉసిరికాయంత బెల్లము, ఉప్పు, పసుపు. పోపునకు మంచినూనె, ఆవాలు, మెంతులు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు.

చేయు విధము

రెండు పప్పులను కడిగి రెండు గంటలు నానవేయవలెను. నానిన పిమ్మట జల్లెడలో వేసి, నీరొక్కబొట్టయినను నిలువకుండ ఓడ్చవలెను. ఈ వంటయం దెల్లరహస్యము నిచ్చటనే యున్నది. ఉండ విరిగిపోయినచో, తప్పు పులుసుది కాదు, పిండిలోని నీటిది. మిరప, జీలకఱ్ఱ, అల్లము, ఉప్పు చేర్చి నీరు పోయక కచ్చాపచ్చాగా రుబ్బవలెను. మిక్సీలో వేయువారు దాని నొక్కమాఱుగా త్రిప్పక ఆపి యాపి త్రిప్పుట మంచిది. మిక్కిలి మెత్తనైన పిండితో చేసిన యుండ గట్టిపడి పులుసును లోనికి రానీయదు; పలుకు నిలిచిన పిండిలో సందు లుండును, ఆ సందులగుండ పులుసు ప్రవేశించును. సన్నగా తరిగిన ఆకుకూర, ఇంగువ, కరివేపాకు, బియ్యపుపిండి కలిపి, పెద్ద యుసిరికాయంత పరిమాణమున నుండలు చేయవలెను. అరచేత బలముగా నొత్తరాదు; విడిపోనంత మాత్రమే యొత్తవలెను. ఈ పిండి కిరువది యుండలగును. వానిని ఇడ్లీపళ్ళెములలో నుంచి 12 నిముషములు ఆవిరిమీద నుడికించి చల్లార్చవలెను. పచ్చియుండలను తెర్లుచున్న పులుసులో వేయువారును కలరు. అది చేయితిరిగినవారి పని. క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్లలు ఆవిరి మార్గమునే యనుసరింతురుగాక.

ఇక పులుసు. లీటరు నీరు మరుగుచుండగా మొదట ములగకాడలను, చిలగడదుంపను, ఉల్లిపాయలను వేయవలెను. అయిదారు నిముషములకు గుమ్మడి, ఆనప, వంకాయముక్కలను వేసి పసుపు చేర్చవలెను. ముక్కలు ముప్పాతిక ఉడికినదాక చింతపండురసమును పోయరాదు. పులుపు తగిలినచో కాయలోని కండ బిగిసికొని, ఎంత మంట పెట్టినను త్వరగా మెత్తబడదు. పప్పునకును ఇదే ధర్మము. ముందుగా పులుపు పోసి, ముక్క యుడుకలేదని గ్యాసును తిట్టువారిని మే మెఱుగుదుము. రసము పోసి, ఉప్పు, బెల్లము వేసి, పచ్చివాసన పోవునంతదాక మరిగింపవలెను. బెండకాయలను వేఱుగా కొంచెము నూనెలో మగ్గించి చివర చేర్చినచో జిగురు రాదు. అప్పుడు ఉండల నొక్కటొక్కటిగా విడిచి, గరిటె పెట్టి కలుపక, గిన్నె చెవులు పట్టి యొకమా ఱటునిటు కదల్చి, సన్నని సెగను 10 నిముషము లుంచి దింపవలెను. పోపు పెట్టి మూత వేసినచో పరిమళము వీథి గుమ్మముదాక పోవును. మావారు బడినుండి వచ్చి గొడుగు మడువకమున్నే, పులుసా యని యడుగుట మాయింట పరిపాటి.

ఉండలు పులుసును త్రాగును గనుక దించునప్పుడు కొంత పలుచగనే యుండవలెను. అరగంటకు తానే చిక్కబడును. చిక్కదన మింకను కావలసినవారు చెంచాడు బియ్యపుపిండిని నీట కలిపి, ఉండలు వేయుటకు ముందే పోయవచ్చును.

పాత్రనుగూర్చి రెండు మాటలు. పులుపునకు రాతిచిప్ప యుత్తమము. అది పులుపుతో చేరి వికారపడదు. వేడిని చిరకాలము నిలుపును. పొయ్యినుండి దింపిన పిమ్మటను అందు పులుసు కొంతసేపు తెర్లుచునే యుండును గావున, దానిని కొంచెము ముందుగానే దింపవలెను. రాతిచిప్ప లేనివారికి ఉక్కుగిన్నె చాలును. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు వండినచో లోహము దిగి యొంటికి కీడు సేయును.

జబ్బుపడి లేచినవారికి శనగపప్పునకు మాఱుగా పెసరపప్పు, మిరపకు మాఱుగా మిరియము వేసి, చింతపండును సగము తగ్గించి, దించిన తరువాత నిమ్మరసము పిండవలెను. పండ్లు లేని ముదుసలులకు, పండ్లు రాని పసివారికి ఉండను పులుసులోనే మెదిపి పెట్టవలెను. పసివారి పాలు కారము వేయకమున్నే తీసిపెట్టుట మఱవరాదు.

ఎవరి పాలెంత

ఒక సోదరి మాకు జాబు వ్రాయుచు, ఎంత పులుసు వండినను తన వంతునకు అడుగున నీరును, రెండు ములగకాడ పిప్పులును మాత్రమే మిగులుచున్నవని నవ్వుచు వ్రాసినది. ఆమె నవ్వుచు వ్రాసినను మాకు నవ్వు రాలేదు. అందఱకును వడ్డించి పిమ్మట తినుట మన యిండ్ల మర్యాద. ఆ మర్యాదను మేము నిందింపము. కాని వడ్డించిన పిమ్మట మిగిలినదియే తినవలెనని ఏ శాస్త్రమున నున్నది?

లెక్క చూడుడు. పైనజెప్పిన 200 గ్రాముల పప్పులో మాంసకృత్తులు రమారమి 42 గ్రాములు. ఒక్కొక్క యుండకు రెండు గ్రాములు. బియ్యములో తక్కువపడు పోషకద్రవ్యమును పప్పు పూరించును, పప్పులో తక్కువైనది బియ్యము పూరించును. రెండును కలిసినప్పుడే దేహమునకు పూర్ణాహారము. ఆ ఉండలన్నియు పురుషుల పంక్తిలోనే చెల్లిపోయినచో, వండిన యామెకు వట్టి యన్నమును, పులుపును మాత్రమే దక్కును. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయందు, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల భారతస్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదని తేలినది. అనగా పదిమంది మనము కూడి కూర్చున్నచో అందైదారుగురము పాలిపోయినవారమే. దీనికి కారణములు పెక్కు గలవు. కడపట మిగిలినది తినుట వానిలో నొకటి.

ఈ విషయమున మన ప్రాంతమువారొకరిని స్మరించుట న్యాయము. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణులగు కూలిస్త్రీల రక్తహీనతను పరిశోధించి, అది ఆహారలోపమువలన గలుగుచున్నదని కనుగొనెను. ఆ లోపించిన ద్రవ్యమే ఫోలికామ్లము. 1945లో అమెరికాయందు దానిని కృత్రిమముగా తయారుచేసిన పరిశోధకబృందమునకు నాయకుడు భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు గర్భిణులకు ఇనుముతోపాటు ఇచ్చు మాత్రలో నున్నదదియే. ఆ ద్రవ్యము పప్పులయందును ఆకుకూరలయందును సహజముగా గలదు. ఉడికించునప్పుడు కొంత వేడికి నశించును, కొంత నీటిలోనికి దిగును. కూర వార్చి నీరు పారబోసినచో ఆ దిగినది కాలువపాలు. పులుసులో నన్ననో అది గిన్నెలోనే యుండును. తోటకూర వేసిన పప్పుండను మేమింతగా మెచ్చుకొనుట కిదియు నొక హేతువు. మఱియు నిమ్మరసము అన్నములోని ఇనుము నొంటబట్టించును. భోజనమైన వెంటనే త్రాగు కాఫీ, తేయాకునీరు దానిని చెఱుచును. ఒక గంట యాగి త్రాగుట మేలు. అయినను పాలిపోయి, మెట్లెక్కినంతనే ఆయాసపడువారు పులుసును నమ్ముకొనియుండక వైద్యులచేత రక్తపరీక్ష చేయించుకొనవలెను.

కావ్యములయందు వంటకు కీర్తివడసినవారిద్దఱు, నలుడును భీముడును. ఇద్దఱును పురుషులే. భీముడు విరటుని వంటయింట గరిటె పట్టినది యొక్క యేడు మాత్రమే. ఆ యేడాదియు నాతడు పస్తున్నట్లెచ్చటను వినము. ఏండ్లతరబడి గరిటె విడువని మనము మాత్రము మనపాలు మఱచుట యుచితమా?

పులుసునకు లెక్క లేదు. గరిటెలతో తరుగుచు పోవును. ఉండలకో, లెక్క యున్నది. అదియే వాని గొప్ప గుణము. ఇడ్లీపళ్ళెమునుండి తీయునప్పుడే లెక్కింపుడు. ఇరువది యుండలు, ఆరుగురు మనుష్యులు. తలకు మూడు చొప్పున పదునెనిమిది. మిగిలిన రెండును పనిలో సాయపడు నామెకో, వేళకు వచ్చిన యతిథికో. మీ మూడింటిని ముందుగా చిన్నగిన్నెలోనికి తీసి, కొంత పులుసు, నాలుగు ముక్కలు వేసి మూతపెట్టుడు. ఇది స్వార్థము కాదు. ఇల్లు నడపు మనిషి పడిపోయిన దినమున ఆ యింట పొయ్యి యెవరు వెలిగింతురో యొకమాఱు తలచుకొన్నచో, ఆ మూడుండలు ఎవరికొఱకో మీకే తెలియును. కోడలున్న యత్తగారలు ఈ లెక్కను తామే చేసి కోడలి గిన్నెకు మూతపెట్టినచో, ఆ యింటి పులుసుకు రుచి యింకొకపాలు హెచ్చును.

రాబోవు మాసమున, చలి ప్రారంభమగుటకు ముందు పెట్టదగిన గుమ్మడి వడియములనుగూర్చి వ్రాయుదుము. అంతవఱకు సెలవు.