కరీంనగర్ కోతలు, ఆదిలాబాద్ కొరతలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) లెక్క ప్రకారం కరీంనగర్ జిల్లాలో వంద కాన్పుల్లో 82 పెద్దాపరేషన్లే. తెలంగాణ సగటు 60.7 శాతం, దేశ సగటు 21.5. జనాభా మొత్తం మీద సిజేరియన్లు పది శాతం దాటాక మరణాలు ఇంకా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఉమ్మడి ఆదిలాబాద్ నుంచి విడివడిన కుమురం భీం జిల్లాలో మాత్రం ఈ శాతం చాలా తక్కువ. అంతమాత్రాన అక్కడంతా సవ్యంగా ఉందనుకుంటే పొరపాటే. మైదానంలో అక్కర్లేని కోత, ఏజెన్సీ గూడేల్లో అవసరపడ్డా అందని కోత: రెంటి భారమూ ఆడవాళ్లదే. రాష్ట్ర సగటు ఈ రెండు అన్యాయాలనూ కలిపేసి కనపడకుండా చేస్తోంది.

ఇన్నాళ్లూ మనం పట్టుకున్న కొలమానం ఒక్కటే, కాన్పు ఆసుపత్రిలో జరిగిందా లేదా అని. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం సర్కారు దవాఖానాలో కాన్పుకు రూ.12 వేలు, ఆడపిల్ల పుడితే రూ.13 వేలు ఇచ్చింది. ఆసుపత్రి కాన్పులు 97 శాతానికి చేరాయి. అది చిన్న విజయం కాదు. కానీ గడప దాటి లోపలికొచ్చిన గర్భిణికి ఏం జరిగిందన్నది ఎవరూ అంత పట్టుదలగా లెక్కించలేదు. ఆపరేషన్ల వల్లే తల్లుల మరణాలు తగ్గాయని కొందరు వైద్యులంటారు. లక్ష జననాలకు 2011-13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 92గా ఉన్న మాతృ మరణాలు 2018-20 నాటికి తెలంగాణలో 43కు దిగిన మాట నిజం. అయితే సిజేరియన్లు 38.9 శాతమే ఉన్న కేరళలో అదే కాలంలో ఆ సంఖ్య 19. ప్రాణాలు కాపాడింది ఆపరేషన్ల సంఖ్యే అయితే ఈ తేడా ఎలా వచ్చినట్టు?

కుటుంబాలే ముహూర్తం పెట్టించుకుని వస్తున్నాయన్నది మరో వాదన. అందులో నిజముంది. నొప్పులంటే భయమూ ఉంది. కానీ రాత్రంతా పక్కన కూర్చుని ధైర్యం చెప్పే మనిషి లేని ప్రసూతి గదిలో ఆ భయం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఒక్క డాక్టరే నడిపే నర్సింగ్ హోంలో పన్నెండు గంటలు కనిపెట్టుకుని ఉండటం కన్నా పొద్దున పదింటికి ఆపరేషన్ పెట్టుకోవడం అందరికీ వీలు. పైగా మొదటి కాన్పులో కోత పడితే రెండోదానికీ దాదాపు ఖాయమే. కాబట్టి మొత్తం శాతాన్ని కాదు, తొలి కాన్పును విడిగా చూడాలి. నెలలు నిండి, ఒకే బిడ్డ ఉండి, తల కిందికి ఉండి, నొప్పులు వాటంతటవే మొదలైన తొలిచూలు గర్భిణుల్లో ఎందరికి కోత పడిందో ప్రతి ఆసుపత్రీ ప్రకటించాలి. రాబ్సన్ వర్గీకరణ కాన్పులను ఇలాంటి పది గుంపులుగా విడదీస్తుంది. కేస్ షీట్‌లో ఉండే వివరాలు అందుకు చాలు.

అంకెలు బయటపెడితే క్లిష్టమైన కేసులను వదిలించుకుంటారన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అందుకే ఇంత శాతానికి తగ్గించాలన్న టార్గెట్ పెట్టకూడదు. ఎందరిని వేరే ఆసుపత్రికి పంపారు, ఎందరికి రక్తస్రావమైంది, ఎందరు పసికందులకు పుట్టగానే ఊపిరి అందలేదు అన్నవీ పక్కనే ఉంటే ఆ దొంగాట సాగదు. ఆదిలాబాద్‌కు వేరే కొలతలు కావాలి: నొప్పులు మొదలయ్యాక ఆపరేషన్ బల్ల చేరడానికి పట్టిన సమయం, వాగు పొంగిన రోజుల్లో ఆ సమయం ఎంత పెరిగింది, మత్తు డాక్టరు, రక్తం అందుబాటులో లేని రోజులెన్ని, ఏడో నెలలో గర్భిణి హిమోగ్లోబిన్ ఎంత. ఇక రాత్రంతా గర్భిణి పక్కన ఉండే మనిషి సంగతి. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ తోడ్పాటుతో 2017లో రాష్ట్రం మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఉమ్మడి రెండు జిల్లాల్లోని ఎన్ని ప్రసూతి గదుల్లో రాత్రి డ్యూటీకి శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉంటోంది? జిల్లా కలెక్టర్లు ప్రతి నెలా అడిగి తెలుసుకోవాల్సిన మొదటి అంకె అదే.